గృహిణీ గోష్ఠి: ధనుర్మాసపు చలిలో ఉదకమండలము

వేసవిలో చల్లని కొండలకు పోవుట లోకమెఱిగిన మర్యాద. శీతకాలమున అంతకంటె చల్లని చోటికి పోవుదుమనువారిని చూచి లోకము నవ్వును. గడచిన డిసెంబరులో మేము ఉదకమండలమునకు బయలుదేరుచున్నామని విని మా వీథిలోని పెద్దలు "సికిందరాబాదు చలి చాలలేదా?" యని అడిగిరి. చాలకపోలేదు. కాని మావారు ఉపాధ్యాయులు. బడికి సెలవులున్నప్పుడే మాకు దేశసంచారము. వేసవిలో ఆ కొండమీద జనసమ్మర్దము మెండు, గదుల వెలలు మఱియు మెండు. క్రిస్మసు మొదలు జనవరి ఒకటవ తేదీ వఱకును అట్లే. క్రిస్మసునకు ముందు దొరకిన కొలది దినములే మావంటి కుటుంబమునకు అనుకూలమైనవి.

తేలవలసిన ప్రశ్న ఒక్కటే: మా అత్తగారిని తీసికొనిపోవుటా, మానుటా? ఆమెకు డెబ్బదియవ యేడు. చలిగాలి సోకినచో ఉబ్బసము. ఓరుగల్లులోని మా ఆడబిడ్డ యింట దింపిపోవుట మేలని బంధువులందఱును నిర్ణయించిరి. ఆమెను మాత్రము ఎవరును అడుగలేదు. రెండు దినములు ఆమె ఊరకుండి, మూడవనాడు బియ్యము బాగుచేయుచు, "అమ్మాయీ, మనుచరిత్రము నీవు చదువగా రెండుమాఱులు విన్నాను. ఆ మంచు ఎట్లుండునో కంటితో చూడవలెనని యున్నది" అనిరి.

ప్రవరుని కథ పాఠకురాండ్రకు తెలిసినదే. సిద్ధుడిచ్చిన లేపనమును కాళ్ళకు పూసికొని హిమవంతమునకు ఒక్కడే పోయెను. మంచునీటికి లేపనము కరిగిపోగా ఇల్లు చేరలేక చిక్కుపడెను. పెద్దనగారి కవిత్వమునకు నమస్కరించుచునే మేమొకమాట అందుము. ఇంట తల్లిదండ్రులును ఇల్లాలును ఉండగా, వారిలో ఒక్కరినైనను "వత్తురా?" యని అడుగక పోయినవాడాతడు. మా యింట అట్లు జరుగరాదని మావారితో చెప్పితిమి. ఆయన అత్తగారిని వైద్యుని కడకు తీసికొనిపోయిరి. వైద్యుడు పరీక్షించి, పీల్చుమందు ఎల్లప్పుడు చేతిసంచిలో నుండవలెననియు, శాలువతో ముక్కును నోటిని కప్పికొనవలెననియు, పొగ దరికి పోరాదనియు చెప్పి అనుమతించెను.

ఇక బట్టలు. మనవారు చలి యనగానే బరువైన కోటు ఒకటి కొని నిశ్చింతపడుదురు. వెచ్చదనమును కాపాడునది ఆ బరువు గాదు, బట్టల పొరల నడుమ కదలక నిలిచిన గాలి. కావున దళసరిది ఒకటికంటె పలుచనివి మూడు మేలు. చీర కట్టువారికి వేఱొక కష్టము కలదు: కుచ్చెళ్ళ అంచు పచ్చికపై తడిసి ఆ తడి పైకి ప్రాకును. మేము చీరను నాలుగు వ్రేళ్ళు ఎత్తి కట్టి, లోపల ఉన్నిలాగు తొడిగికొంటిమి. మట్టెలకు మేజోళ్ళు చినుగకుండ వ్రేళ్ళకు మెత్తని గుడ్డ చుట్టుకొంటిమి. చూచి మా పెద్దమ్మాయి నవ్వినది, నవ్వనిండు.

సికిందరాబాదునుండి శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరునకును, అచ్చటనుండి మేట్టుపాళయమునకును పోయి, ఆ రాత్రి నిలిచి, మఱునాటి ఉదయమున కొండబండి ఎక్కితిమి. మోటారులో పోవువారికి 2024 మే నెలలో ఈ-పాసు నియమము వచ్చినది. రైలువారికి ఆ బాధ లేదు. ఈ రైలుదారి 1899లో కూనూరు వఱకును, 1908లో ఉదకమండలము వఱకును సాగినది. 2005లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వములో చేర్చిరి. 46 కిలోమీటర్లకు ఇంచుమించు అయిదు గంటలు పట్టును. కల్లారు దాటిన పిమ్మట పట్టాల నడుమ పండ్లుగల ఇనుపకమ్మి మొదలగును. యంత్రము క్రింది పండ్లచక్రము దానిని కఱచుకొనుచు, పండ్రెండున్నర అడుగులకు ఒక అడుగు చొప్పున పైకెక్కును. అత్తగారికి మోటారు మలుపులలో తల తిరుగును. ఈ నత్తనడక ఆమెకు మందువలె పనిచేసెను. కిటికీ చెంత కూర్చుండి, ఎత్తు పెరిగినకొలది శాలువపై శాలువ కప్పికొనుచు వచ్చిరి. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్యపు వానలకు కొండచరియలు విరిగిపడి ఈ బండి తఱచు నిలిచిపోవును గనుక, పోదలచినవారు బస్సుదారిని కూడ విచారించి యుంచుకొనవలెను.

ఉదకమండలము 2,240 మీటర్ల ఎత్తున నున్నది. మంచుక్రీడలకు పేరొందిన స్విట్జర్లాండు దావోసు 1,560 మీటర్లే. అయినను భూమధ్యరేఖకు చేరువయగుటచే మన కొండపై ఆ దేశమునందువలె హిమము కురియదు. ప్రతి వేయి మీటర్లకును ఇంచుమించు ఆఱున్నర డిగ్రీల వేడి తగ్గును. సికిందరాబాదు ఎత్తు 540 మీటర్లు. లెక్క వేసినచో మన యింటికంటె అచ్చట పదునొకండు డిగ్రీలు తక్కువ.

ఆ రాత్రియే చిక్కు వచ్చినది. బసలోని పనివాడు మంచివాడే. వణకుచున్న ముసలమ్మను చూచి జాలిపడి, కణకణలాడు బొగ్గుల కుంపటి తెచ్చి గది నడుమ పెట్టి, కిటికీలు బిగించి, తలుపు సందున గుడ్డ కూడ క్రుక్కెను. అత్తగారు "నా తండ్రే!" యని వానిని దీవించిరి. మేము ఆ కుంపటిని వెలుపల పెట్టించి కిటికీ తెఱచితిమి. ఆమెకు కోపము వచ్చెను.

"మా పుట్టింట మంచము క్రింద కుంపటి లేని బాలింత లేదు. అందఱము బ్రదికియే యున్నాముగదా!"

"అత్తయ్యగారూ, అది పెంకుటిల్లు. కప్పు సందులనుండి గాలి వచ్చి పోయెడిది. ఇది అద్దాల గది."

(పెంకుటింటనైనను అది మంచి యలవాటని మేమనము; పసికందు ఆ పొగనే పీల్చును.) మూసిన గదిలో బొగ్గు కాలినపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువు నిలువవలసిన తావును అది ఆక్రమించును. మొదట తలనొప్పి, వికారము, పిదప మత్తు. నిద్రించువారు మేల్కొనకయే పోవుదురు. ఉత్తరదేశమునుండి ప్రతి శీతకాలమున ఇట్టి వార్తలు వినుచునే యున్నాము. గ్యాసు గీజరు సంగతియు ఇంతియే. గాలి రాని స్నానపుగదిలో దానిని బిగించిన యిండ్లు మన సికిందరాబాదులో లేకపోలేదు. ఆ గృహిణులు ఈ పుటను తమ ఇంటివారికి చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.

ఆ రాత్రి అత్తగారు మాతో మాటాడలేదు. వేడినీటి సంచిని గుడ్డలో చుట్టి ఆమె పాదములకడ నుంచి, చిన్నవానిని ఆమె ప్రక్కన పండబెట్టితిమి. మనుమని కౌగిలికి సాటివచ్చు కుంపటి లేదు. తెల్లవాఱునప్పటికి ఊపిరి సులువుగనే యుండెను.

ధనుర్మాసమగుటచే వేకువస్నానము మఱియొక తగవైనది. నలుబది యేండ్ల నియమము! "వద్దు" అన్న మాట మా నోట వచ్చుట ఉచితము గాదు. స్నానములు ఏడు విధములనియు, అశక్తులకు మంత్రస్నానము, మానసస్నానము చెల్లుననియు ధర్మశాస్త్రములు చెప్పిన సంగతి మనవిచేసితిమి. ఆమె ఆలోచించి, వేకువను మంత్రస్నానమును, ఎండ వచ్చిన పిదప వేడినీటి స్నానమును చేయుటకు ఒప్పుకొనిరి, "కొండ దిగువఱకే సుమా!" అనిరి.

మూడవనాటి రాత్రి మబ్బు లేదు, గాలి లేదు. అట్టి రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు విడిచివేయును. చల్లబడిన గాలి బరువై పల్లములకు దిగును. పచ్చికపై తేమ గడ్డకట్టును. సూర్యోదయమునకు ముందు అత్తగారిని నడిపించుకొని దాపుననున్న పల్లపు బయలునకు పోయితిమి. బయలంతయు ముగ్గుపిండి చల్లినట్లుండెను. ఆమె ఒక గడ్డిపోచను త్రుంచి అఱచేత నుంచుకొని చాలసేపు చూచిరి.

"ఇదేనా మంచు?"

మా చదువునకు ఇది గట్టి ప్రశ్న. పొగమంచును, ఆకుపై బిందువును, ఈ తెల్లని పొడిని, హిమాలయపు గడ్డలను మన తెలుగున ఒక్క మంచే యందుము. సంస్కృతమున నీహారము, తుషారము, హిమము అని పేళ్ళున్నవి గాని కవులు వానిని కలగలుపుగనే వాడిరి. ఇది కురిసినది గాదు, నేలపై పుట్టినదని చెప్పితిమి. ఆమె విన్నారో లేదో. పోచపై తెలుపు కరిగి చేయి తడి యగుచుండెను. ఎండ తగిలిన కొంతసేపటికి బయలు మరల పచ్చనైనది. ఈ సొగసే తేయాకు చిగుళ్ళను మాడ్చును. తోటవారికి అది పండుగ గాదు.

తక్కిన వింతలు అందఱును చూచునవే. 1848లో నాటిన వృక్షోద్యానము చూచితిమి. 1831లో తెఱచిన సెయింట్ స్టీఫెన్స్ చర్చి దూలములు శ్రీరంగపట్టణమున టిప్పుసుల్తాను మందిరమునుండి తెచ్చినవట; ఒకరి ఇల్లు కూల్చిన కఱ్ఱ యెంత దూరము ప్రయాణముచేసినదో! పిల్లలకు మాత్రము అంగళ్ళలోని కాగితపు నక్షత్రములును కేకులును నచ్చినవి.

తిరుగుబండిలో అత్తగారు కేదారనాథము ఎంత ఎత్తని మావారిని అడిగిరి. 3,583 మీటర్లని ఆయన చెప్పిరి. అందులో సగమునకంటె ఎక్కువ తాను ఎక్కితిని గదా యని ఆమె లెక్క వేసిరి. ఆ చర్చ మా యింట ఇంకను తెగలేదు.