సినిమా పాటకు బాణీ కట్టగోరువారికి

గత ఆగస్టు నెలలో తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మధ్యాహ్న విరామమున మా కడకు వచ్చి, "మేష్టారూ, సినిమా పాటలకు బాణీ కట్టుట ఎవరు నేర్పుదురండీ?" అని అడిగెను. అతని చేతిలో ఫోనుండెను. పాఠశాలకు ఫోను తేరాదను నియమమును ఆ క్షణమున మేమును మరచితిమి. అందులో సిద్ధముగా దొరకు మద్దెల మోతలను, వయొలిను తునకలను అతికి, తమ వరిపొలమును గూర్చి తానే వ్రాసికొన్న పాట నొకటి కట్టియుండెను. వాద్యములు వినసొంపుగనే యున్నవి. అయితే పల్లవిలో "మా మడి" అను మాటయొద్ద స్వరము సాగి "మా మాడి" అయ్యెను. చుట్టునున్న పిల్లలు "మడి మాడిపోయెనురా" అని నవ్విరి. బాలుడు చిన్నబుచ్చుకొనెను.

మాకు నవ్వు రాలేదు. పండ్రెండేండ్ల క్రిందట హార్మోనియము విడువని మరియొక బాలుని విషయమై అతని తండ్రి మా సలహా యడుగగా, "పరీక్షలు ముగియువరకు ఆ పెట్టెను అటకమీద పెట్టించుడు" అని చెప్పితిమి. ఆయన పెట్టించెను. పరీక్షలు ముగిసినవి, అతడు మంచి ఉద్యోగములో నున్నాడు. పెట్టె మాత్రము తిరిగి దిగలేదు. నిరుడు పండుగకు కనబడినపుడు "ఇప్పుడు వినుటయే గాని పాడుట లేదండీ" అనెను. కావున ఈసారి మేము తొందరపడి సలహా నీయక, కొంత ఆలోచించి వ్రాయుచున్నాము.

మా అభిప్రాయమేమనగా, తెలుగు పాటకు బాణీ కట్టుటలో మొదటి పాఠము మన విద్యార్థులు మిక్కిలి విసుగుకొను ఛందస్సు పాఠమే. హ్రస్వమునకు ఒక మాత్ర, దీర్ఘమునకు రెండు. "మడి"కి రెండు మాత్రలు, "మాడి"కి మూడు. ఆ యొక్క మాత్రతో పచ్చని పైరు బూడిద యగుచున్నది. పదాంతమందలి హ్రస్వమును గాయకుడు కొంత లాగినను మన చెవి క్షమించును. మొదటి యక్షరమును లాగిన క్షమింపదు. మూడు మాత్రల తిశ్రము, నాలుగింటి చతురశ్రము, అయిదింటి ఖండము, ఏడింటి మిశ్రము అను నడకలు సంగీతజ్ఞుల సొత్తు మాత్రమే కావు. 1910లో గురజాడవారు ముత్యాలసరములను నడిపినది మూడును నాలుగును కలిసిన ఏడు మాత్రల నడకలోనే. మాట తన నడకను తానే చెప్పుచుండును. వినుటకు ఓపిక కావలెను.

ఇందుకు దూరపు నిదర్శనములు వెదుక నక్కరలేదు. నిడదవోలున 1920లో జన్మించిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున తెలుగు సాహిత్యము చదివినవారు. పాట వ్రాసి దానికి బాణీ కూర్చుటలో రెండు పనులును ఆయన చేతిలోనే యుండెను. ఆయన రచించిన ఆంధ్ర వాగ్గేయకార చరిత్రమునకు 1961లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. కొవ్వూరున జన్మించిన కీరవాణిగారు 1987 మొదలు చక్రవర్తిగారి కడ సహాయకులుగా పనిచేసి, 1990లో గాని తమ పేరుతో చిత్రమును వెలువరింపలేదు. 2023 మార్చిలో ఆస్కారు బహుమానము పొందిన వారి "నాటు నాటు" పాట నడక ఆరు మాత్రలది. మన జాతరలలో డప్పు వినిన పిల్లవానికి ఆ నడక క్రొత్త గాదు. వెదురుపాక కుటుంబమునకు చెందిన దేవిశ్రీప్రసాదుగారు పాలకొల్లున పుట్టిన మాండొలిను శ్రీనివాసుగారి శిష్యులు. వీరెవ్వరును వాద్యపు మోతలు అతుకుటతో ఆరంభించినవారు కారు.

ఫోనును నిందించుట మా యుద్దేశము కాదు. కొలతలు నేర్పుటకు దానికంటె చౌకయైన ఉపాధ్యాయుడు లేడు. అయితే మెట్ల వాద్యములకు ఒక లోపము కలదు. మెట్టుకు మెట్టుకు నడుమ జారు గమకము హార్మోనియమున పలుకదు. ఈ కారణమున కూడ ఆకాశవాణివారు 1940లో దానిని బహిష్కరించి 1971 వరకు దరిచేరనీయలేదు. అంత కాఠిన్యము తగునా యని మాకు నేటికిని సందేహమే. అయినను బాణీని ముందు గొంతుతో కట్టి, పిమ్మట మెట్లపై వెదకుట మేలు. వ్రేళ్లు అలవాటైన చోటికే పోవును.

అభ్యాసమునకు మా ఇంట నున్న పుస్తకమునే ఆ బాలునికి చూపితిమి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాటల తలమీద రాగము, తాళము ముద్రించియుండును. పందొమ్మిదవ శతాబ్దమున పురుషోత్తమ చౌదరిగారు మొదలైనవారు క్రొత్త విషయమును మన రాగములలోనే కూర్చిరి. ఆ రాగతాళములను కాగితముతో కప్పి, మాటలు మాత్రమే చదివి, స్వంతముగా బాణీ కట్టి, పిదప కాగితము తీసి పోల్చుకొనుమంటిమి. త్యాగరాజ కీర్తనతోనైనను, జానపద గేయముతోనైనను ఇట్లే చేయవచ్చును.

సినిమాకు మరియొక నియమము కలదు, అది గడియారము. చిత్రము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడచును. నిమిషమునకు 120 దెబ్బల లయ నెంచుకొన్నచో దెబ్బకు 12 ఫ్రేములు. దృశ్యమున 11వ సెకను ముగియునప్పటికి తలుపు మూయబడుననుకొందము. అప్పటికి 22 దెబ్బలు పడును. నాలుగేసి దెబ్బల ఆవర్తములలో అది ఆరవదాని నట్టనడుమ. లయను సుమారు 109కి తగ్గించినచో అదే క్షణమునకు 20 దెబ్బలు, సరిగా అయిదావర్తములు ముగియును. త్రైరాశికము దేనికి పనికివచ్చునని అడుగువారు ఈ లెక్కను చేసి చూడవలెను. ఒక్కొక్కచోట తలుపు చప్పుడును ఒంటరిగా విడిచి, సంగీతమును ఆపుటయే ఉత్తమము. ఎప్పుడు ఆపవలెనో నేర్చుటయే ఈ విద్యలో కష్టతరమైన భాగమని మాకు తోచుచున్నది.

"దీనివలన కూడు దొరకునా?" అని బాలుని తండ్రి మమ్ము అడిగెను. ఆయన కౌలురైతు, ఆ ప్రశ్న న్యాయమైనది. చిత్రమునకు సంగీత దర్శకుడు సాధారణముగా ఒక్కడే. ఆ స్థానము కోరువారు అనేకులు. ఈ సంగతి దాచక చెప్పితిమి. అటకను గూర్చి మాత్రము ఈసారి చెప్పలేదు. చదువు చెడకుండ దినమునకు ఒక గంట అతని కిమ్మని కోరగా, ఆయన కొంతసేపు మౌనముగా నుండి, "అరగంట" అనెను.

గడచిన శనివారము బాలుడు ఫోను లేకుండ వచ్చి పల్లవి పాడెను. "మడి" ఇప్పుడు మడిగనే యున్నది. చరణములో "నీరు" మాత్రము ఇంకను "నిరు" అగుచున్నది. సోమవారము మరల రమ్మంటిమి.