పాత విమానం – పని పోయిన మనిషి



డీజిల్ ధర బాగా పెరిగిన సంవత్సరం మన ఊళ్లలో ఏమి జరుగుతుందో మీకు తెలుసు. ఎక్కువ డీజిల్ తాగే పాత ఇంజనును రైతు పక్కన పెట్టేస్తాడు. అది చెడిపోలేదు, ఇంకా నడుస్తుంది. అయినా దాన్ని నడిపితే వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ. ఆ ఇంజను దగ్గర ఉండి చేలకు నీళ్లు పెట్టే మనిషికి కూడా "రేపటి నుండి రావద్దు" అని చెప్పవలసి వస్తుంది. ఇంజనుకు ఆకలి లేదు. ఆ మనిషికి మాత్రం ఇల్లుంది, బడికి వెళ్లే పిల్లలున్నారు.

పెద్ద పెద్ద విమాన కంపెనీలకు కూడా ఒకసారి ఇటువంటి పరిస్థితే వచ్చింది. అది 2008వ సంవత్సరం, అమెరికా దేశం. ఆ ఏడాది జూలైలో ముడిచమురు ధర పీపా ఒక్కటికి 147 డాలర్లకు చేరింది. పీపా అంటే దాదాపు 159 లీటర్లు. అంతకు ఏడాది క్రితం ధర అందులో సుమారు సగమే. ఒకప్పుడు విమాన కంపెనీలకు జీతాలే పెద్ద ఖర్చు. ఆ సంవత్సరం జీతాలకన్నా ఇంధనం ఖర్చే ఎక్కువైంది.

జూన్ 4న యునైటెడ్ కంపెనీ 100 విమానాలను పక్కన పెడుతున్నట్లు ప్రకటించింది. వాటిలో 94 బోయింగ్ 737లు, 6 జంబో విమానాలు. మరునాడు కాంటినెంటల్ కంపెనీ 67 విమానాలను, 3,000 ఉద్యోగాలను తగ్గిస్తున్నట్లు చెప్పింది. అమెరికన్ కంపెనీ కూడా తన పాత విమానాలను తగ్గించుకోవడం మొదలుపెట్టింది; ప్రయాణికుని మొదటి పెట్టెకు కూడా 15 డాలర్లు వసూలు చేసింది. హవాయి దీవులలో 1946 నుండి నడిచిన అలోహా కంపెనీ అయితే అప్పులు, పోటీ, ఇంధన భారం కలిసి మీద పడగా మార్చి 31న ప్రయాణికుల విమానాలను పూర్తిగా ఆపివేసింది. సుమారు 1,900 మందికి పని పోయింది.

పాత విమానాలు ప్రమాదకరమని వాటిని ఆపలేదు. కొత్త విమానం అంతే దూరానికి, అంతమందినే తీసుకొని, చాలా తక్కువ ఇంధనంతో వెళ్లగలదు. చమురు చౌకగా ఉన్నప్పుడు ఈ తేడా ఎవరికీ పెద్దగా కనబడలేదు. ధర పెరిగేసరికి ప్రతి ప్రయాణంలోనూ నష్టమే కనబడింది. అలా ఆపిన విమానాలలో అనేకం అరిజోనా, కాలిఫోర్నియా ఎడారులకు చేరతాయి. అక్కడ గాలి పొడిగా ఉంటుంది గనుక లోహం త్వరగా తుప్పు పట్టదు. కొన్నింటిని ఇతర దేశాలవారు కొంటారు. కొన్నింటిని విడి భాగాలుగా విప్పుతారు.

ప్రియులారా, విమానాన్ని ఎడారిలో నిలిపి మరచిపోవచ్చు. మనిషిని ఎక్కడ నిలుపుతాము?

కంపెనీలను ఊరికే నిందించడం న్యాయం కాదు. ఖర్చు తగ్గించుకోలేకపోతే కొందరి పని కాదు, అందరి పనీ పోతుంది.  అయితే భారం వచ్చినప్పుడు దాన్ని ఎవరు మోస్తారన్నదే ప్రశ్న. కాంటినెంటల్ సంస్థను నడిపించిన ఇద్దరు పెద్దలు, లారీ కెల్నర్, జెఫ్ స్మైసెక్, ఆ సంవత్సరంలో మిగిలిన నెలలకు తమ జీతం వద్దన్నారు. దానివల్ల 3,000 ఉద్యోగాలు నిలవలేదు. అయినా ఇంటికి వెళ్లేవారితోపాటు పైవారు కూడా కొంత పోగొట్టుకున్నారు.

అదే సంవత్సరం అక్టోబరులో మన దేశంలో జెట్ ఎయిర్‌వేస్ సంస్థ సుమారు 1,900 మందిని తీసివేయడానికి పూనుకొంది. యౌవనస్థులైన ఉద్యోగులు కన్నీళ్లతో వీధిలోకి వచ్చారు. రెండు రోజులు తిరగకముందే ఆ సంస్థ అధిపతి నరేశ్ గోయల్ క్షమాపణ చెప్పి, అందరినీ తిరిగి పనిలోకి పిలిచారు. అయితే 2019 ఏప్రిల్ 17న ఆ సంస్థే ఆగిపోయింది. నెలల తరబడి జీతాలు రాక వేలాది కుటుంబాలు నలిగిపోయాయి. మనిషి దయ మంచిదే, కాని దానిమీద ఇల్లు కట్టలేము.

మరొక్క మాట. 2008 డిసెంబరుకల్లా చమురు ధర 40 డాలర్ల కిందికి పడిపోయింది. పోయిన ఉద్యోగాలు మాత్రం తిరిగి రాలేదు. అప్పటికి ఆర్థిక మాంద్యం వచ్చి ప్రయాణికులే తగ్గిపోయారు. ధర దిగినంత త్వరగా మనిషి బ్రతుకు చక్కబడదు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో మన ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానం జ్ఞాపకం చేసుకోండి. సాయంకాలం అయిదు గంటలవేళ కూడా కొందరు సంతవీధిలో నిలిచే ఉన్నారు. వారు సోమరులు కారు. తమను ఎవరూ పనికి పిలువలేదని చెప్పారు. యజమానుడు వారిని తప్పుపట్టలేదు. తోటలోనికి పిలిచి, ఆ సాయంత్రం ఇంటికి కావలసిన పూర్తి కూలి ఇచ్చాడు. ఒక గంట పనికి ఎంత అని అతడు లెక్క చూడలేదు. ఆ మనిషికి ఆ దినం ఏమి కావాలో చూశాడు. ఇంధనం లెక్క యంత్రాలకు సరిపోతుంది. దేవుడు మనుష్యులను ఆ లెక్కతో చూడడు.

మన పిల్లలు పట్నాలలో, గల్ఫ్‌లో, అమెరికాలో పని చేస్తున్నారు. వారిలో ఒకరు పని పోయి ఇంటికి వచ్చినప్పుడు మనం ఏమి చేయాలి?

మొదటిది, ఆదివారం గుడి గుమ్మంలో నిలబెట్టి "ఏం బాబూ, ఎందుకు వచ్చేశావు?" అని పదిమందిలో అడగకండి. యోబు స్నేహితులు ఏడు దినాలు అతని ప్రక్కన మౌనంగా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. కారణాలు చెప్పడం మొదలుపెట్టిన తరువాతనే అతన్ని బాధపెట్టారు. ఇంటికి వెళ్లండి, కలిసి భోజనం చేయండి, ప్రార్థించండి. వెళ్లేటప్పుడు ఒక బియ్యం సంచి తీసుకువెళ్తే ప్రార్థనకు తక్కువేమీ కాదు.

రెండవది, పని పోయిన సహోదరుడా, ఆ మాట ఆ దినమే నీ భార్యకు చెప్పు. పరువు కోసం అప్పు తెచ్చి, జీతం వచ్చినట్లు నటించకు. అప్పు పెరిగాక తెలిస్తే ఆమెకు రెండు గాయాలు. అమ్మా, మీరు కూడా ఆ రాత్రి లెక్కలు అడగకండి. తెల్లవారిన తరువాత ఇద్దరూ కలిసి కూర్చుని చూసుకోండి.

మూడవది, మన సంఘాలలో ట్రాక్టరు ఉన్నవారు, దుకాణం ఉన్నవారు, కూలీలను పెట్టుకొనేవారు ఉన్నారు. కష్టకాలంలో ఒకరిని మానిపించే ముందు మీ సొంత ఖర్చులో ఏమి తగ్గించగలరో చూడండి. తప్పనిసరి అయితే, చేసిన పనికి పూర్తి కూలి ఆ సాయంత్రమే చేతిలో పెట్టి పంపండి. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించినది అదే.

ప్రార్థన: ప్రభువా, పని లేక ఇంటికి చేరిన ప్రతి కుమారుని, కుమార్తెను జ్ఞాపకము చేసికొనుము. వారిని పనికిరానివారుగా చూడని కన్నులు మాకు దయచేయుము. వారికి తగిన పనిని, అంతవరకు ధైర్యమును అనుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.