రాకెట్ రాసే డైరీ

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు నాయుడుపేటలో మిద్దెలెక్కడం మామూలే. చేతిలో కాఫీ గ్లాసు, చంకలో పిల్లాడు, చూపంతా ఆగ్నేయం మూలకు. ముందు నిప్పు కనపడుతుంది. చప్పుడు చెవికి చేరాలంటే మరో రెండు నిమిషాలు పడుతుంది, అదీ గాలి అనుకూలిస్తేనే. నలభై కిలోమీటర్ల దూరం మరి! తెల్లటి పొగ గీత వంకర్లు తిరిగి చెదిరిపోయాక మిద్దె మీద జనం కిందికి దిగి టీవీ ముందు కూర్చుంటారు. అక్కడ ఓ గొంతు తాపీగా చెబుతూ ఉంటుంది... మొదటి దశ పనితీరు మామూలుగానే ఉంది, రెండో దశ మామూలుగానే ఉంది.

ఆ మాటలు మనకోసం. కంట్రోల్ రూములోని యంత్రాలకు ఆ మాటలతో పనిలేదు. రాకెట్ ఎగిరినంతసేపూ తన ఒంట్లో ఏం జరుగుతోందో సెకనుకు బోలెడన్నిసార్లు అంకెల్లో కిందికి పంపుతూనే ఉంటుంది. ఏ ట్యాంకులో పీడనం ఎంత, ఏ వాల్వు తెరిచి ఉంది, ముక్కు ఎటు తిరిగింది, కుదుపు ఎంత... ఒక్కో కొలతకూ వరుసలో ఓ చోటు కేటాయించి ఉంటుంది. పక్కన సమయం ఉంటుంది. అడంగల్లో గళ్లున్నట్టే. సర్వే నంబరు గడిలో సర్వే నంబరే ఉండాలి, విస్తీర్ణం గడిలో విస్తీర్ణమే ఉండాలి. అక్కడ 'పొలం బాగానే ఉంది' అని రాస్తే ఎవరికి పనికొస్తుంది?

దీన్నే టెలిమెట్రీ అంటారు. రాకెట్ సముద్రంలో పడినా దాని డైరీ మాత్రం భూమ్మీద భద్రంగా ఉంటుంది. ఆ డైరీ విలువేమిటో శ్రీహరికోటకు మొదట తెలిసొచ్చింది 1979లో.

ఆ ఏడాది ఆగస్టు 10. ఎస్సెల్వీ-3 తొలి ప్రయోగం. 23 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు, నాలుగు దశలు. ప్రాజెక్టు డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. ఉదయం 7.58కి రాకెట్ లేచింది. మొదటి దశ ముచ్చటగా పనిచేసింది. రెండో దశ అదుపు తప్పింది. 317 సెకన్లకు అంతా ముగిసింది. ఏళ్ల తరబడి చేసిన కష్టం శ్రీహరికోటకు 560 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో కలిసిపోయింది.

ఇప్పుడు ఏం చేయాలి? విరిగిన ముక్కలు తెచ్చి చూద్దామంటే అవి సముద్రం అడుగున ఉన్నాయి. మిగిలింది డైరీ ఒక్కటే. శాస్త్రవేత్తలు ఆ అంకెల్ని ముందేసుకుని వెనక్కి నడవడం మొదలెట్టారు. రాకెట్ ఎందుకు ఊగిపోయింది? రెండో దశను అదుపు చేసే బలం అందలేదు కాబట్టి. ఎందుకు అందలేదు? ఇంధనం ఒక్కటే వచ్చింది, దాన్ని మండించాల్సిన నైట్రిక్ ఆమ్లం రాలేదు. ఎందుకు రాలేదు? అప్పటికే చాలావరకు కారిపోయింది. ఎప్పుడు కారింది? ఇక్కడే అసలు విషయం బయటపడింది. రాకెట్ లేవడానికి ఎనిమిది నిమిషాల ముందు మొదటి ఆదేశం అందుకున్న ఓ చిన్న వాల్వు, మలినం అడ్డుపడి, తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. అంటే జనం మిద్దెలెక్కి ఎదురుచూస్తుండగానే ఆ ప్రయోగం ఓడిపోయింది. కలాం తర్వాతి రోజుల్లో ప్రసంగాల్లో చెప్పేవారు... చివరి క్షణాల్లో కంప్యూటర్ ఆగమంది, నిపుణులతో మాట్లాడి, ఫరవాలేదనుకుని ముందుకెళ్లామని. కంప్యూటర్ మాట మనిషి వినలేదన్నమాట!

'ఏదో లీకైంది' అని తేల్చి ఊరుకుంటే తర్వాతి రాకెట్లో దేన్ని బాగు చేస్తారు? ఫలానా వాల్వు, ఫలానా నిమిషం అని తెలిసింది కాబట్టే దారి దొరికింది. సరిగ్గా పదకొండు నెలల పైచిలుకుకు, 1980 జులై 18న, ఎస్సెల్వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

ఇంతకీ ఈ కథంతా ఎందుకంటే, సెల్‌ఫోన్లలో మనం వాడే ప్రతి యాప్ వెనకా ఇలాంటి డైరీ ఒకటుంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు దాన్ని లాగ్ అంటారు. ఆ మాటకు అసలు అర్థం చెక్క దుంగ. పూర్వం నావికులు ఓడ వేగం తెలుసుకోవడానికి ముడులు వేసిన తాడుకు చెక్కముక్క కట్టి నీళ్లలో వదిలేవారు. ఆ లెక్క రాసుకునే పుస్తకం లాగ్‌బుక్ అయింది. కంప్యూటర్లు ఆ పేరును అరువు తెచ్చుకున్నాయి.

చిక్కేమిటంటే, చాలా యాప్‌ల డైరీ రాకెట్ డైరీలా ఉండదు. కుర్రాడి డైరీలా ఉంటుంది. ప్రోగ్రాం రాసేవాళ్లు పని జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి తమకు తోచిన వాక్యం ఒకటి పడేస్తారు. 'డబ్బు అందింది'. 'సీటు దొరకలేదు'. 'మళ్లీ ప్రయత్నిస్తున్నాం'. కొందరైతే 'ఇక్కడిదాకా వచ్చింది' అని కూడా రాస్తారు! రాసిన రోజు రాసినవాళ్లకు అది చాలు. ఇబ్బందంతా తర్వాతే.

ఓ బస్సు టికెట్ల యాప్ ఉందనుకుందాం. నాయుడుపేటలో ఎక్కి రాత్రి బస్సులో బెంగళూరు వెళ్లి, తెల్లారి కూతుర్ని కాలేజీలో చేర్చాలి ఓ తండ్రి. డబ్బు బ్యాంకు ఖాతాలో కట్ అయింది. టికెట్ రాలేదు. ఫోన్ చేస్తే అవతల అమ్మాయి 'చూస్తున్నాం సార్' అంటుంది. నిజంగానే చూస్తుంటారు. కానీ ఆ గంటలో వేలమంది టికెట్లు కొన్నారు. డైరీలో ఒకరి వాక్యం పక్కన ఇంకొకరి వాక్యం పడింది. 'డబ్బు అందింది' అన్నది ఎవరి డబ్బు? 'సీటు దొరకలేదు' అన్నది ఎవరికి? పోనీ ఊరి పేరుతో వెతుకుదామంటే నాయుడుపేటను ఇంగ్లిషులో ఒకరు ఒకలా రాస్తారు. చివర 'ఎ' పెట్టేవాళ్లు కొందరు, మానేసేవాళ్లు కొందరు. రైల్వేవాళ్ల స్పెల్లింగులో 'ఐ' ఉండదు, 'వై' ఉంటుంది. ఒక స్పెల్లింగుతో వెతికితే ఇంకో స్పెల్లింగు దొరకదు. కానీ రైల్వేవాళ్లు ఓ తెలివైన పని చేశారు. పలకడం ఎలాగైనా పలకండి, స్టేషన్ కోడ్ మాత్రం ఎన్‌వైపీ అన్నారు. కంప్యూటరుకు తికమక లేదు.

స్ట్రక్చర్డ్ లాగింగ్ అని సాఫ్ట్‌వేర్ వాళ్లు గొప్పగా చెప్పుకునేది సరిగ్గా ఇదే. వాక్యం బదులు గళ్లు. సమయం ఇంత. జరిగింది: సీటు కేటాయింపు విఫలం. బుకింగ్ నంబరు ఫలానా. ఎక్కే ఊరు: ఎన్‌వైపీ. సొమ్ము: 850. కారణం: గడువు దాటింది. పట్టిన సమయం: 30,012 మిల్లీసెకన్లు. ప్రతి గడికీ ఓ పేరు, దాని పక్కన ఓ విలువ. ఎక్కువమంది దీన్ని జేసన్ అనే పద్ధతిలో రాస్తారు. మనిషి చదవడానికి వాక్యమంత సుఖంగా ఉండదు. కానీ కోటి వరుసల్లోంచి ఒక్క బుకింగ్ నంబరున్న ఏడు వరుసలు చిటికెలో ఏరి పెడుతుంది కంప్యూటర్. అంతేకాదు, నిన్న రాత్రి ఎంతమందికి ఇలాగే గడువు దాటిందో కూడా చెబుతుంది. అప్పుడది ఒక్క తండ్రి ఫిర్యాదుగా మిగలదు.

ఇందులో ప్రాణంలాంటి గడి బుకింగ్ నంబరే. ఆసుపత్రిలో ఓపీ చీటీ లాంటిది. డాక్టరు గదికెళ్లినా, ల్యాబుకెళ్లినా, మందుల షాపుకెళ్లినా అదే నంబరు వెంట వెళ్తుంది. యాప్‌లో కూడా డబ్బు చూసే ప్రోగ్రాం వేరు, సీటు చూసే ప్రోగ్రాం వేరు, మెసేజ్ పంపేది వేరు. అన్నీ అదే నంబరు రాస్తేనే కథ మొదట్నుంచీ చివరిదాకా దొరుకుతుంది. ఒక్కరు మరిచిపోయినా తెగిపోతుంది.

పాత యాప్‌కు ఇది చేర్చాలంటే మొత్తం తిరగరాయనక్కర్లేదు. డబ్బు చేతులు మారే చోట మొదలెడితే చాలు. కష్టం ప్రోగ్రాం రాయడంలో లేదు, పేర్ల దగ్గర ఒప్పందానికి రావడంలో ఉంది. ఒకరు సొమ్ము అని, ఇంకొకరు మొత్తం అని, మూడోవారు ధర అని గడికి పేరు పెడితే మళ్లీ కథ మొదటికే. ఒక పేజీ మీద పేర్లన్నీ రాసుకుని గోడకు అంటించడం చాలా ఆఫీసుల్లో ఎవరూ చేయని పని. సమయం గొడవ ఇంకోటి. ఒక కంప్యూటర్ మన టైము రాస్తే ఇంకోటి అంతర్జాతీయ టైము రాస్తుంది. మధ్యలో అయిదున్నర గంటల తేడా. డబ్బు కట్టకముందే టికెట్ వచ్చినట్టు కనపడుతుంది! కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో కంప్యూటర్ల గడియారాలన్నీ ఎన్ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలవాలని, లాగ్‌లను 180 రోజులు దాచి ఉంచాలని చెప్పింది ఊరికే కాదు.

అలాగని కనపడిందల్లా రాసేయకూడదు. 2018 మే నెలలో ట్విటర్ తన 33 కోట్లమంది వాడకందార్లనూ పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. హ్యాకర్లు పడ్డారా అంటే కాదు. సొంత లాగ్‌లోనే పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టు రాసుకుపోయాయని వాళ్లకే తెలిసింది. ఇంటి తాళం ఎక్కడ పెట్టామో డైరీలో రాసి డైరీని అరుగు మీద వదిలేయడమన్నమాట.

డైరీ ఉండటం ఒక్కటే చాలదు, అది ఎవరి చేతిలో ఉందన్నదీ ముఖ్యమే. బ్రిటన్ తపాలా శాఖ కథ తెలిసినవాళ్లు ఈ మాట కాదనలేరు. అక్కడ హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ లెక్కల్లో తేడాలు చూపిస్తే, చిన్న చిన్న పోస్టాఫీసులు నడుపుకునేవాళ్లను దొంగలన్నారు. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా దోషులుగా తేలారు. కొందరు జైలుకెళ్లారు. 'నేను తీయలేదు' అనడం తప్ప వాళ్ల దగ్గర ఇంకేం లేదు. లోపలి రికార్డులు కంపెనీ దగ్గర ఉన్నాయి. దూరం నుంచే పోస్టాఫీసు లెక్కలు మార్చే వీలు కంపెనీ ఉద్యోగులకు ఉందన్న సంగతి కోర్టులో తేలడానికి 2019 దాకా పట్టింది. శిక్షల్ని మూకుమ్మడిగా రద్దుచేస్తూ 2024లో చట్టం చేశారు. అప్పటికి కొందరు చనిపోయారు కూడా.

మన దగ్గర కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ అంకె ఎప్పుడు మార్చారో దానంతటదే నమోదవ్వాలని, ఆ నమోదును ఆపేసే వీలుండకూడదని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వచ్చింది. గుమాస్తాలు విసుక్కున్న మాట నిజమే. కానీ రేపు ఎవరైనా 'నువ్వే మార్చావు' అంటే ముందు అడ్డుపడేది ఆ నమోదే.

మళ్లీ శ్రీహరికోటకే వద్దాం. 2022 ఆగస్టు 7న చిన్న రాకెట్ ఎస్సెస్సెల్వీ తొలిసారి ఎగిరింది. 750 మంది ఆడపిల్లలు పాలుపంచుకున్న ఆజాదీశాట్ అందులోనే ఉంది. రాకెట్ దశలన్నీ చక్కగా పనిచేశాయి. అయినా ఉపగ్రహాలు నిలవలేదు. 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యలో ఉండాల్సినవి, ఒకవైపు 76 కిలోమీటర్ల దాకా కిందికి వచ్చే కోడిగుడ్డు ఆకారపు దారిలో పడ్డాయి. 76 అంటే గాలి పొరల్లోకి వచ్చేసినట్టే. ఈసారి ఆమ్లం కారలేదు, వాల్వు ఇరుక్కోలేదు. డైరీ చూస్తే రెండో దశ విడిపోయిన క్షణాన అనుకున్నదానికన్నా పెద్ద కుదుపు కనపడింది. ఆ కొద్దిసేపు వేగంలో మార్పును పట్టే సెన్సర్లు తట్టుకోలేకపోయాయి. సాఫ్ట్‌వేర్ వాటిని చెడిపోయినట్టు లెక్కేసి ఆపద్ధర్మ దారి పట్టింది. సెన్సర్లు బాగానే ఉన్నాయి. తప్పు ఆ తీర్పుది. ఆ తర్కాన్ని, దశ విడిపోయే ఏర్పాటును మార్చి 2023 ఫిబ్రవరి 10న మళ్లీ ఎగరేస్తే ఉపగ్రహాలు చేరాల్సిన చోటికి చేరాయి.

బస్సు యాప్‌లో కూడా తీర్పుదే తప్పయి ఉండొచ్చు. బ్యాంకు నుంచి జవాబు రావడానికి ముప్పై సెకన్లు చూసి, రాలేదని సీటు వదిలేసింది. జవాబు ముప్పయ్యో సెకను దాటిన 12 మిల్లీసెకన్లకు వచ్చింది. గళ్లున్న డైరీ ఉంటే ఫోన్‌లో ఉన్న అమ్మాయి నంబరు కొట్టి అయిదో వరుసలో ఈ సంగతి చదివి చెప్పగలదు. యూపీఐలో ఇలా డబ్బు కట్ అయి అవతల ఖరారు కాకపోతే 5 రోజుల్లోగా వెనక్కి రావాలని, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే చెప్పింది. ఆ తండ్రి మాత్రం అయిదు రోజులు ఆగలేడు. ఇంకో టికెట్‌కు డబ్బు సర్దుకుని, బ్యాగు భుజాన వేసుకుని, హైవే మీద నిలబడి ఉంటాడు.