జన్యుపటం ఉంది, రోగి వివరం ఏదీ?

ఇసుక ఈగ కుడితే లీష్మానియా డోనోవని అనే ఏకకణ పరాన్నజీవి ఒంట్లోకి చేరుతుంది. బీహార్‌లో అది ప్లీహాన్ని, కాలేయాన్ని, ఎముక మజ్జను పట్టుకుంటుంది. అదే కాలా అజార్. చికిత్స అందకపోతే దాదాపు ప్రతి రోగినీ బలితీసుకునే జబ్బు. శ్రీలంకలో మాత్రం ఇదే పరాన్నజీవి చాలామందిలో చర్మం మీద పుండుతోనే ఆగిపోతుంది. జాతి ఒక్కటే అయినా జబ్బులు ఎందుకు వేరు?

జీనోములను పక్కపక్కన పెట్టి చూస్తే గుట్టు తెలుస్తుందని శాస్త్రవేత్తల ఆశ. చర్మంపై పుండు వేసే లీష్మానియా మేజర్, లోపలి అవయవాలను దెబ్బతీసే ఇన్‌ఫాంటమ్, ముక్కు, నోటి పొరలను తినేసే బ్రెజిలియెన్సిస్‌లను 2007లో అలాగే పోల్చారు. ఒక్కోదానిలో 8,000కు పైగా జన్యువులు ఉన్నాయి. ఒక జాతిలో ఉండి మరో జాతిలో లేనివి మాత్రం సుమారు 200 తేలాయి. ఇంత భిన్నమైన జబ్బులకు ఇంత తక్కువ తేడానా! అయితే ఈ జీవులు చాలా జీవుల్లా ఒక్కో జన్యువును విడివిడిగా ఆన్, ఆఫ్ చేయవు. అవసరాన్ని బట్టి జన్యువుల నకళ్లను, ఒక్కోసారి ఏకంగా క్రోమోజోములనే పెంచుకుంటాయి, తగ్గించుకుంటాయి. అందుకే జన్యువు ఉందా లేదా అన్నదే కాదు, ఎన్ని నకళ్లున్నాయన్నదీ చూడాలి.

2014లో శ్రీలంక నమూనాలను పోల్చినప్పుడు ఇదే బయటపడింది. లోపలి అవయవాలకు పాకిన రకంతో పోలిస్తే చర్మపు రకంలో ఎ2 అనే జన్యువు నకళ్లు తక్కువ. రాగ్‌సి అనే మరో జన్యువులో మార్పు కూడా ఉంది. లోపలికి పాకే రకంలోని ఈ జన్యువులను చర్మపు రకంలోకి చేర్చి ఎలుకలకు ఎక్కిస్తే, అది లోపలి అవయవాల్లో మునుపటికన్నా మెరుగ్గా నిలిచింది. కానీ పూర్తిగా కాదు. మిగతా కారణాలు వేరే జన్యువుల్లో ఉండొచ్చు, రోగి ఒంట్లోనూ ఉండొచ్చు.

చిక్కంతా ఇక్కడే ఉంది. భారత ఉపఖండపు 204 డోనోవని నమూనాల జన్యుక్రమాలు 2016లో వెలువడ్డాయి. మెచ్చదగ్గ పనే. అయినా రోగి పోషణ ఎలా ఉంది, హెచ్‌ఐవీ ఉందా, మందుకు తగ్గిందా, ఏళ్ల తర్వాత చర్మంపై మచ్చలు వచ్చాయా అన్నవి జతపడకపోతే జన్యుక్రమం సగం కథే. పరాన్నజీవి చేసిన పనేదో, రోగి బలహీనత వల్ల జరిగిందేదో విడదీయడం కష్టం.

వ్యవధి కూడా ఎక్కువ లేదు. బ్లాకులో 10,000 మందికి ఏడాదిలో ఒక్క కేసు కన్నా తక్కువ అన్నది భారత్ పెట్టుకున్న లక్ష్యం. కేసులు తగ్గేకొద్దీ నమూనాలూ తగ్గుతాయి. పైగా వేలి చివర రక్తపు చుక్కతో చేసే ఆర్‌కె39 పరీక్ష యాంటీబాడీలనే పట్టుకుంటుంది. ప్లీహంలో సూది గుచ్చే బాధ తప్పడం రోగికి మేలే. అయితే పరాన్నజీవి చేతికి రాదు. పని భారంతో నలిగే జిల్లా ఆసుపత్రులపై ఇంకో ఫారం మోపమనడం న్యాయం కాదు. కానీ జబ్బు నయమైన కొన్నేళ్లకు మచ్చలతో తిరిగి వచ్చేవారి చర్మంలో పరాన్నజీవి ఇంకా ఉంటుంది. వారి అనుమతితో చిన్న చర్మపు ముక్కను, పాత చికిత్స వివరాలతో కలిపి భద్రపరిచే పనిని నిర్మూలన కార్యక్రమం ఖర్చులోనే చేర్చవచ్చు.