క్రెడిట్లు కార్పొరేట్‌కు, కాగితాలు వడ్డాదికా?

చదువులో కొత్త లెక్క మొదలైంది. దాని పేరు క్రెడిట్. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టింది. 2023లో జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ తెచ్చారు. 30 గంటల చదువుకు ఒక క్రెడిట్, ఏడాదికి 40 క్రెడిట్లు. బడి చదువైనా, కాలేజీ చదువైనా, వృత్తి శిక్షణైనా ఒకే ఖాతాలో జమ అవుతుందన్నారు. వినడానికి బాగానే ఉంది. మరి ఆ ఖాతాలో వడ్డాది పిల్లలు జమ చేసుకునేదేమిటి?

వడ్డాది ఒకప్పుడు మత్స్య రాజులు ఏలిన చోటు. బుచ్చెయ్యపేట మండలంలోని ఈ ఊరు 2022లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. బోర్డుల మీద జిల్లా పేరు మారింది. పిల్లల ముందున్న దారి మారిందా? డిగ్రీ కావాలంటే ఇప్పటికీ బస్సెక్కాల్సిందే. ఆ బస్సు చార్జీ దగ్గరే ఎందరో ఆడపిల్లల చదువు ఆగిపోతున్నది.

పల్లె పిల్లలకు దారి వేయడం పాలకులకు తెలియదని అనలేం. 2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. పది పాసైన పిల్లలు నేరుగా యూనివర్సిటీ గడప తొక్కారు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. సర్కారు బడి పిల్లలకు 0.4 పాయింట్లు కలిపి మరీ సీట్లిచ్చారు. అయితే తొలి మూడు క్యాంపస్‌లు బాసర, నూజివీడు, ఇడుపులపాయలకు పోయాయి. ఉత్తరాంధ్రకు శ్రీకాకుళం పేరుతో ఒకటి దక్కడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. అదైనా మండలానికి కొద్దిమందికే. మిగతా పిల్లలు ఏం పాపం చేశారు?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 1985లోనే చట్టం చేసింది. హైస్కూలు చివరి రెండేళ్ల పిల్లలు కాలేజీ కోర్సులు చదవొచ్చు, ఖర్చు రాష్ట్రానిదే. ఆ మార్కులు రేపటి డిగ్రీలో కలుస్తాయి. మనకూ ఇదేమీ వింత కాదు. పీయూసీ రోజుల్లో ఆ వయసు పిల్లల చదువు యూనివర్సిటీల చేతిలోనే ఉండేది. 1971లో ఇంటర్ బోర్డు వచ్చాక మధ్యలో గోడ లేచింది. ఆ గోడకు ఒక తలుపు పెట్టమనే మనం అడుగుతున్నది.

తలుపు పెట్టాల్సింది రాష్ట్ర ప్రభుత్వమే. ఒక్క జీవో చాలు. దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్లు వారానికి రెండు రోజులు ఇంటర్ పిల్లలకు డిగ్రీ మొదటి ఏడాది పాఠం చెప్పాలి. ఆ క్రెడిట్లను ఆంధ్రా యూనివర్సిటీ ఒప్పుకోవాలి. ఫీజు ఉండకూడదు, బస్ పాస్ ఇవ్వాలి. ఖాళీ లెక్చరర్ పోస్టులు నింపాలి. ఉన్నవాళ్ల నెత్తినే మరో బరువు పెడితే ఈ పథకం పుట్టిన రోజే చస్తుంది.

ఇది చేయకపోతే ఏమవుతుందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. పట్నం కార్పొరేట్ కాలేజీలు రేపే క్రెడిట్ కోర్సులని బోర్డు కడతాయి, లక్షలు గుంజుతాయి. డబ్బున్న పిల్లాడు డిగ్రీలో చేరేనాటికే ఒక సెమిస్టర్ ముందుంటాడు. మన పిల్లలకు మిగిలేది ఖాతా నంబరు. ఎంసెట్ కోచింగ్ నాటి నుంచీ చూస్తున్న కథే ఇది. కాగితం మీద బెల్లమని రాసి నాకితే తీపి తెలుస్తుందా? అనకాపల్లి బెల్లం వండే చేతులకు ఆ మాట వేరే చెప్పాలా?

విద్యార్థి సంఘాలు ఈ డిమాండును తమ కరపత్రంలో మొదటి వరసన రాయాలి. ఉపాధ్యాయ, ఉద్యోగ సంఘాలు జీతాల వినతిపత్రం పక్కనే దీన్నీ పెట్టాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు. సర్కారు పెడుతుందా? అడుగుదాం. వడ్డాది హైస్కూలు నుంచే మొదలుపెట్టమని అడుగుదాం.