ఆకాశం కూడా మన సిలబస్సే!



వార్షికోత్సవ సంచిక అంటే మెస్ ఛార్జీలు, దుప్పట్లు, బాత్‌రూముల గురించి రాయడం మనకు ఆనవాయితీ. అవి అడగాల్సినవే, అడుగుతూనే ఉంటాం. ఈసారి వాటితోపాటు మేము ఇంకొకటి అడుగుతున్నాం. ప్రతి హాస్టల్‌కు ఒక టెలిస్కోపు కావాలి. రాత్రి ఆకాశాన్ని చూడటానికే కాదు, ఫొటో తీయడానికి కూడా.

"అన్నమే సరిగా ఉడకని చోట టెలిస్కోపా?" అని కొందరు నవ్వవచ్చు. పేదోడి పిల్లలకు తిండి పెడితే చాలు, తెలుసుకోవాలన్న కోరిక ఎందుకు అనే భావం ఆ నవ్వులో దాగి ఉంది. దాన్ని మేము ఒప్పుకోం.

నక్షత్రాలను ఫొటో తీయడం మన గడ్డకు కొత్త కాదు. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ హైదరాబాద్‌లో స్థాపించిన నిజామియా వేధశాల, ఆకాశమంతటినీ ఫొటోల్లోకి ఎక్కించాలన్న ప్రపంచ దేశాల కృషిలో పాలుపంచుకుంది. 8 అంగుళాల టెలిస్కోపుతో గాజు పలకల మీద ఫొటోలు తీసి, 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి, 12 సంపుటాలుగా అచ్చువేశారు. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడే వైను బప్పు. స్కాలర్‌షిప్పుతో హార్వర్డ్‌కు వెళ్ళి, 1949లో తాను తీసిన ఫొటో పలక మీద కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. స్కాలర్‌షిప్పు విలువ మనకంటే బాగా ఎవరికి తెలుసు?

మన కన్ను వెలుతురును కూడబెట్టలేదు, కెమెరా కూడబెడుతుంది. అందుకే కంటికి అందని చుక్కలు ఫొటోలో కనబడతాయి. కానీ భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక చుక్క గీతలా సాగుతుంది. స్టాండు ఇరుసును ధ్రువనక్షత్రం వైపు నిలిపి, అదే వేగంతో ఎదురు తిప్పాలి. మన నిజామాబాద్‌లో ధ్రువనక్షత్రం ఉత్తరాన సుమారు 19 డిగ్రీల ఎత్తున ఉంటుంది. చందమామకైతే ఇంత శ్రమ లేదు. టెలిస్కోపులో కన్ను పెట్టే చోట సెల్‌ఫోను పెడితే గుంటలన్నీ పడతాయి. పదో తరగతి కటకాల పాఠం బట్టీ పట్టకుండానే వస్తుంది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా సాగింది. జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు ఫొటోలు తీస్తుంటే, ఎంతోమంది తలుపులు మూసుకుని కూర్చున్నారు. ఆ తలుపులు తెరవాల్సింది మనమే. (సూర్యుడి వైపు మాత్రం తగిన ఫిల్టర్ లేకుండా టెలిస్కోపు తిప్పరాదు!)

మనలో చాలామందిమి బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి చెరకు పల్లెల బిడ్డలం. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతబడింది. ఫ్యాక్టరీతో పాటు కొలువులు పోయాయి. కొలువు కోసమే నేర్చిన చదువు కొలువుతోనే ఆగిపోతుంది. ప్రశ్నించడం నేర్పిన చదువు మాత్రం ఎక్కడికి పోయినా మన వెంటే వస్తుంది.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా విన్నపం. ఈసారి శాలువాలు, ఫ్లెక్సీల ఖర్చు తగ్గించి తలా కొంత వేయండి. వార్డెన్ సార్లకు, మేడమ్‌లకు ఇంకో విన్నపం. నెలకోసారి, అమావాస్య దగ్గరి రాత్రి, స్టడీ అవర్ అయ్యాక డాబా మీద లైట్లు ఆర్పి మమ్మల్ని పైకి పోనివ్వండి. పిట్టగోడ లేకపోతే కట్టించండి. ఆడపిల్లల హాస్టళ్ళలో డాబా తలుపుకు తాళం వేసి భద్రత అనకండి. మేడమ్ తోడుగా వాళ్ళనూ ఎక్కనివ్వండి.

వచ్చే సంచిక అట్ట మీద మన హాస్టల్ డాబా నుంచి మనమే తీసిన చందమామ ఉండాలి!