గడియ బిగుసుకుంటే సుత్తి ఎందుకు?

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాం. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి. లేనివాళ్లు, ఉన్నవాళ్లకు చదివి వినిపించండి.

మొన్న డిసెంబరులో మన సభ్యుడొకరి ఇంటికి వెళ్లాం. హోసూరు నుంచి డెంకణికోట పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఊరు. లైసెన్సు రెన్యువల్‌కు తుపాకీ చూపించాలని ఆయన పెద్ద కొడుకు దాన్ని బయటికి తీశాడు. తాత కాలం నాటి త్రీ ఫిఫ్టీన్ రైఫిల్ అది. బోల్టు కదల్లేదు. పిడి పైకి లేవదు, వెనక్కి రాదు. అబ్బాయి లోపలికి వెళ్లి సుత్తి తెచ్చాడు.

అదృష్టం కొద్దీ మాతో మిలిటరీ మామ ఉన్నాడు. సైన్యంలో ఆర్మరర్‌గా ఆయుధాలు బాగుచేసి రిటైరైన మనిషి. ఆయన అడిగింది ఒకటే మాట. "ఒరే అబ్బయ్యా, లోపల తూటా ఉందో లేదో చూసినావా?"

ఎవరూ చూడలేదు. అక్కడున్న ఏడుగురిలో ఒక్కరూ చూడలేదు. గొట్టం మూతి మాత్రం వరండాలో ఆడుకుంటున్న పిల్లల వైపే ఉంది. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ మాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇది రాయడానికి కారణం కూడా అదే.

మామ పిల్లల్ని లోపలికి పంపాడు. మూతిని మట్టిగట్టు వైపు తిప్పి, ట్రిగ్గర్ దరిదాపుల్లోకి వేలు పోకుండా పట్టుకుని, మ్యాగజైను ఊడదీశాడు. సేఫ్టీ పడి ఉందేమో చూశాడు. ఈ వాటం రైఫిళ్లలో సేఫ్టీ వేస్తే బోల్టు కూడా బిగుసుకుంటుంది, అది తెలియక బలం వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. తర్వాత అరచేత్తో పిడిని నిదానంగా పైకి ఒత్తాడు. బోల్టు వచ్చింది. చాంబరు ఖాళీగానే ఉంది. రాకపోయి ఉంటే తూటా ఉన్నట్టే లెక్కగట్టి, లైసెన్సున్న గన్‌స్మిత్‌ను పిలిపించడం తప్ప వేరే పని చేయకూడదన్నాడు.

బిగుసుకోవడానికి కారణం ఏమనుకున్నారు? కొబ్బరి నూనె. 2024 మార్చి 16న ఎన్నికల తేదీలు ప్రకటించగానే, అందరిలాగే వీళ్లూ తుపాకీ స్టేషన్లో అప్పగించారు. తుప్పు పట్టకూడదని ముందుగా దట్టంగా కొబ్బరి నూనె పూశారు. జూన్ 4న లెక్కింపు అయ్యాక తెచ్చుకుని, తుడవకుండానే బీరువాలో పెట్టారు. మన హోసూరు చలికి సీసాలో కొబ్బరి నూనె గడ్డకడితే ఎండలో పెట్టి తలకు రాసుకుంటాం. అదే నూనె ఇనుములో గడ్డకట్టదా? దానికి దుమ్ము, పాత గ్రీజు తోడై జిగురైంది. స్టేషన్ వాళ్ల తప్పేమీ లేదు, తప్పంతా ఇంటివాళ్లదే.

మన తాతలు బోల్టును గడియ అనేవాళ్లు. సరైన మాట. తలుపు గడియలాగే ఎత్తాలి, లాగాలి, తోయాలి, దించాలి. ఈ నాలుగింటిలో ఎక్కడ బిగుస్తోందో చూస్తే రోగం సగం తెలిసినట్టే అంటాడు మామ. త్రీ ఫిఫ్టీన్ అంటే మన సైన్యం, పోలీసులు వాడిన త్రీ నాట్ త్రీకి తోబుట్టువు. రెండిటిదీ లీ ఎన్‌ఫీల్డ్ వాటమే. త్రీ నాట్ త్రీ నిషిద్ధ బోరు కాబట్టి మామూలు జనానికి త్రీ ఫిఫ్టీన్ తయారుచేసి ఇచ్చారు. ఈ వాటంలో బోల్టును ముందుకు తోసేటప్పుడు చివర్లో స్ప్రింగు బిగుసుకుంటుంది. అక్కడ చేతికి తగిలే బరువు సహజం, రోగం కాదు. ఖాళీగా ఉన్నప్పుడే ఎత్తడం, లాగడం కష్టమైతే మురికి, ఎండిన గ్రీజు, తుప్పు చూడాలి. ఖాళీగా సాఫీగా ఆడి, కాల్చాక మాత్రమే బిగుస్తుంటే చాంబరు మురికిగానో గరుకుగానో ఉండాలి, లేదా తూటాలు పాడై ఉండాలి. అప్పుడు ఇంకో తూటా కాల్చి చూద్దామనుకోవడం పిచ్చితనం.

మురికైతే మందు సులువు. కిరోసిన్‌లో తడిపిన గుడ్డ, బ్రష్షు, తర్వాత పొడిగుడ్డ, ఆ పైన పల్చగా తుపాకీ నూనె. చాంబరులో మాత్రం నూనె మిగలకూడదు. అక్కడ జిడ్డుంటే తూటా పేలినప్పుడు బోల్టు మీద దెబ్బ పెరుగుతుంది. గరుకు కాగితం అసలు పెట్టకండి, అరిగిన ఇనుము తిరిగి రాదు.

ఇంకొకటి. పక్కింటివాళ్ల బోల్టు తెచ్చి పెట్టుకోవద్దు. బోల్టు పిడి దగ్గరున్న నంబరు, తుపాకీ బాడీ మీది నంబరు ఒకటే ఉండాలి. ఏ బోల్టు ఏ తుపాకీకి సరిపోతుందో కొలిచి అమరుస్తారు. బోల్టు ముఖానికీ తూటాకూ మధ్య సందు ఎక్కువైతే తూటా గొట్టం తెగి, మంటగాలి కాల్చినవాడి ముఖం మీదికి రావచ్చు. శుభ్రం చేయడం మన పని. మరమ్మతు లైసెన్సున్నవాళ్ల పని. చట్టమూ అదే చెబుతుంది.

ఇక మా అభిప్రాయం. "తాతగారి తుపాకీ, ఇంటి పరువు" అని మనలో చాలామంది దాన్ని అట్టే పెట్టుకున్నారు. ఆ అభిమానాన్ని మేము తప్పుపట్టడం లేదు. తమిళదేశంలో తరతరాలుగా ఉంటున్న మనకు తాతల గుర్తులు ఎన్ని మిగిలాయని? కానీ ఏడాదికొకసారి కూడా తుడవని వస్తువు పరువు ఎట్లా అవుతుంది? తాత దాన్ని వాడిన రోజుల్లో ప్రతి ఆదివారం విప్పి తుడిచేవాడు. మనకు తుపాకీ వచ్చింది గానీ ఆ అలవాటు రాలేదు. పరువు ఆ అలవాటులోనే ఉంది.

అందుకే రెండు మాటలు అడుగుతున్నాం. ఒకటి, సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం మిలిటరీ మామ మన హాల్లో శుభ్రం చేసే పద్ధతి చెబుతాడు. తుపాకులు తేవద్దు, బొమ్మ గీసి చూపిస్తాడు. కొడుకుల్ని, కోడళ్లను కూడా తీసుకురండి. ఆయనకు డెబ్బై దాటాయి, ఈ విద్య తెలిసినవాళ్లు మనలో ఇంకెంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. రెండు, చూసుకునే ఓపిక లేనివాళ్లు లైసెన్సున్న డీలరుకు అమ్మండి, లేదా అధికారులకు అప్పగించండి. అందులో నామోషీ ఏమీ లేదు. తాత ఫొటో గోడ మీద ఉంటుంది, అది చాలు.

ఆ రోజు ఆ సుత్తి దెబ్బ పడి ఉంటే, లోపల తూటా ఉండి ఉంటే, ఈ రోజు మేము రాసేది వేరే కబురు అయ్యేది.